వరస చివర మాట

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రం వైపు మబ్బు నల్లగా కూర్చుంది గాని కురవలేదు. తూర్పున గడ్డిపరక మందాన వెలుగు కనబడి, మళ్ళీ మూసుకుపోయింది. లోవరాజు ఉప్పలగుప్తం దాటి పేటలోకి బండి తిప్పేసరికి తొమ్మిదిన్నర అయింది.

లోవరాజుది కొత్తపేట. నలభై మూడేళ్ళవాడు. బీమా కంపెనీలకి విచారణలు చేసిపెడతాడు. చచ్చారన్నవాళ్ళు నిజంగా చచ్చారా, చస్తే ఎలా చచ్చారు అన్నది అతని పని. ఈసారి పంపింది ఏ కంపెనీ కాదు. ప్రకాశరావు మాస్టారి కూతురు నిఖిత ఫోను చేసి, "మా నాన్నగారు మీకు చదువు చెప్పేరంట గదండీ, ఒక్కసారి వచ్చి చూడరా?" అంది. అంతే.

మాస్టారు కనబడకుండా పోయి ఆ గురువారానికి పదిహేడు రోజులు. సోమవారం తెల్లవారుజామున ఇంట్లోంచి వెళ్ళారు. ఆరింటికి ఆయన బండి గోదారి పాయ మీదున్న బోడసకుర్రు వంతెన దగ్గర దొరికింది. పక్కనే చెప్పులు. పోలీసులు మూడు రోజులు పడవలతో వెతికి, పోటుపాట్లకి శవం సముద్రంలోకి పోయుంటుందన్నారు.

ఎలీసమ్మ గారు అరుగు మీద కూర్చుని చీర కొంగుకి కుచ్చులు వేస్తోంది. మాస్టారి భార్య. అరవై దగ్గరికి వచ్చిన మనిషి. పక్కన బండారులంక నుంచి వచ్చిన చీరల మూట ఉంది. లోవరాజుని చూసి లేవబోయింది.

"కూర్చోండమ్మగారూ. పని ఆపకండి. రెండు మాటలు అడుగుతాను."

"అడుగు బాబూ."

"ఆరోజు మాస్టారు ఎన్నింటికి లేచేరండీ?"

"నాలుగున్నరకి. టీ తాగి, ఐదుంపావుకి బండి తీసేరు."

"ఎక్కడికన్నారు?"

"చెప్పలేదు."

"కళ్ళజోడు పెట్టుకునే వెళ్ళేరా?"

"ఆయ్."

"దూరం చూసేదా, చదువుకునేదా?"

"రెండూ తీసుకెళ్ళే..." ఆవిడ సూది ఆగింది. "ఏమో బాబూ. గుర్తులేదు."

లోవరాజు రెట్టించలేదు. గోదాట్లో దూకబోయే మనిషికి చదువుకునే కళ్ళజోడెందుకు? ఆ ప్రశ్న మనసులోనే ఉంచుకుని లోపలికి నడిచాడు.

మాస్టారి గదిలో కంప్యూటరు ముందు అప్పటికే ఒకతను కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ముప్ఫై దాటని వయసు. పేరు ప్రవీణ్ కుమార్. కాకినాడలో కంప్యూటరు నేరాల నిపుణుణ్ణని, పోలీసులకి సాయం చేస్తున్నానని చెప్పుకుంటాడు. వారం రోజులుగా ఈ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు.

"రండి లోవరాజు గారూ. బీమా విచారణలు చేసేవారికి కంప్యూటరుతో ఏం పనండీ?"

"నాకు నేర్పినాయన పేజీ అండి. ఓసారి చూసిపోదామని."

"చూడండి, చూడండి. మ్యూజియంలో పెట్టాలి దీన్ని." ప్రవీణ్ నవ్వాడు. "ఈ రోజుల్లో చిన్నపిల్లలు కూడా మీటలు నొక్కి పేజీ కట్టేస్తున్నారు. మీ మాస్టారేమో నోట్‌ప్యాడ్‌లో ఒక్కో అక్షరం చేత్తో కొట్టేరు. ఇరవై ఏళ్ళు."

తెర మీద మాస్టారి పేజీ ఉంది. తెల్లటి నేల, నీలం అక్షరాలు. పేరు 'మనోళ్ళు'. గల్ఫ్ దేశాల్లో ఉన్న కోనసీమ వాళ్ళ జాబితా. ఎవరు ఏ ఊళ్ళో పనిచేస్తున్నారు, కొత్తగా వెళ్ళినవాళ్ళు ఎవరి తలుపు తట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. అడుగున 'జాగ్రత్త' అన్న మాట కింద, నమ్మకూడని ఏజెంట్ల పేర్లు. ఏ దేశంలో దిగినా కోనసీమ పేటల ఆడవాళ్ళు ముందు తెరిచేది ఆ పేజీయే.

ప్రవీణ్ పెన్నుతో తెర మీద ఒక వరస చూపించాడు. రాజోలు ఏజెంటు బంగారరాజు పేరున్న వరస. ఇంతకుముందు అక్కడ 'విచారిస్తున్నాం' అని మాత్రమే ఉండేది. ఇప్పుడు, మస్కట్‌లో తొమ్మిది మంది ఆడవాళ్ళ పాస్‌పోర్టులు ఆయన మనుషుల దగ్గర ఉండిపోయాయని, ఆ తొమ్మిది పేర్లతో సహా ఉంది.

"ఇది మారింది మొన్న ఆదివారం పొద్దున్న పది యాభై రెండుకి," అన్నాడు ప్రవీణ్. "మాస్టారు పోయిన పదమూడో రోజు. ఆ టైములో ఊరంతా చర్చిలో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు."

"మరెవరు మార్చేరంటారు?"

"ఎవరూ కాదండీ. ఇలాంటి పాత పేజీల్లోకి దొంగ ప్రోగ్రాములు వాటంతటవే దూరతాయి. ఎక్కడో ఏదో చదివి ఇక్కడ అతికిస్తాయి. ఋజువు కావాలా? వరస చివర చూడండి."

తొమ్మిదో పేరు తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో 'సేవ్' అని ఉంది. పేజీలో మరెక్కడా లేని మాట. ఎవరికీ అక్కర్లేని మాట.

"ఆ ప్రోగ్రాములో ఉండే మీట తాలూకు ముక్క అది. ఊడి ఇక్కడ పడింది. మనిషి రాస్తే ఆ మాట ఎందుకు రాస్తాడు? మాస్టారు పోయేరండి. ఆ అమ్మగారికి ఆశలు పెట్టకండి. నోట్‌ప్యాడ్ రోజుల చదువు ఇక్కడ చాలదు."

లోవరాజు కుర్చీ లాక్కుని, పేజీ వెనకున్న రాతని నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు.

తెరిచేసరికి, ఇరవై మూడేళ్ళ కిందటి గది వాసన వచ్చింది.

అమలాపురం గడియారస్తంభం దగ్గర మేడ మీద గది. రెండు కంప్యూటర్లు, పద్నాలుగు మంది విద్యార్థులు. వంతు వచ్చేసరికి వారం పట్టేది. అందుకని మాస్టారు ముందు పొడుగు నోటుబుక్కులో రాయించేవారు. చాక్‌పీసు పట్టుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఎక్కాలు చెప్పించినట్టు చెప్పేవారు. పేజీ రాతలో ప్రతి ముక్కకీ అటూ ఇటూ పెట్టే కోణపు గుర్తుల్ని ఆయన కొక్కేలనేవారు. "కొక్కెం తెరిచేరా? మూసే కొక్కెం ముందే రాసి పెట్టుకోండి. తలుపు చెక్కకి రెండో రెక్క లేకపోతే ఇల్లంతా బజార్న పడుద్ది." ఇంగ్లీషు పెద్ద అక్షరాలే రాయాలి. లోపలి వరస మూడు అడుగులు, అంటే మూడు ఖాళీలు, పక్కకి జరగాలి. పాత వరస ఎప్పుడూ చెరపకూడదు. తెర మీద కనబడకుండా కప్పే గుర్తు పెట్టి, తేదీ వేసి, కింద కొత్తది రాయాలి. "మీ తప్పు మీకు కనబడుతూ ఉండాలర్రా."

ఒకసారి మాస్టారు లేని పూట లోవరాజు ఒక పేజీ అంతా మూసే కొక్కెం లేకుండా కొట్టాడు. తెర మీద ఊళ్ళ పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి, రేవులో పడవలు గుద్దుకున్నట్టయింది. మాస్టారు వచ్చి తిట్టలేదు. పక్కన కూర్చుని, ఎక్కడ వదిలేశాడో అతనే వెతుక్కునేదాకా గంటన్నర ఆగారు. ఆ గంటన్నరలో నేర్చుకున్న ఓపికతోనే లోవరాజు ఇన్నాళ్ళూ బతుకుతున్నాడు. ఇప్పుడు ఆ గది కింద సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మేడ మీదకి మెట్లు కూడా లేవు.

తెర మీద వరసలు కదులుతున్నాయి. పెద్ద అక్షరాలు. మూడేసి అడుగులు. ఆదివారం మారిన చోటు వచ్చింది. పాత వరస చెరపలేదు. కప్పి పెట్టి ఉంది. పక్కన తేదీ. కింద కొత్త వరస, దాని చివర ఆ మాట.

లోవరాజు చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. పోతే రాసిందంతా గోదాట్లో కలిసినట్టే. అందుకని మాస్టారు ప్రతి వరస చివరా 'సేవ్' అనేవారు. విద్యార్థులు దాన్ని కూడా నోటుబుక్కులో రాసుకునేవారు. కంప్యూటరు దగ్గరికి వచ్చాక ఆ మాట కొట్టేవారు కాదు. మీట నొక్కి దాచేవారు.

"ప్రవీణ్ గారూ," అన్నాడు. "మీ దొంగ ప్రోగ్రాము పాత వరసని కప్పి పెట్టి తేదీ వేస్తుందాండీ?"

ప్రవీణ్ ముందుకు వంగాడు.

"మూడడుగులు కొలిచి జరుపుతుందా? ఈ తొమ్మిది పేర్లు దానికెవరు చెప్పేరు? ఇంకెక్కడా లేవే."

"అయితే?"

"ఈ 'సేవ్' మీట ముక్క కాదండి. మాస్టారి మాట. ఆయన నోట్లోంచో, కలంలోంచో వచ్చిందే. మొన్న ఆదివారం నాటిది. నోట్‌ప్యాడ్ చదువు ఇక్కడ సరిపోయిందండి. మాస్టారు బతికే ఉన్నారు."

అంటున్నప్పుడు ఛాతీ కాస్త పొంగింది. గుమ్మంలో ఏదో కదిలింది. ఎలీసమ్మ గారు నిలబడి ఉంది. ఆ ముఖంలో సంతోషం లేదు. చేతిలో దారం ఉండ నేల మీద పడి దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

ప్రవీణ్ ఆవిడని చూశాడు. దారం ఉండ పోయిన దారి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఒప్పుకున్నానండీ. గెలిచేరు." చెయ్యి కలిపి, అరుగు మీద చీరల మూట పక్కన క్షణం ఆగి, దాని మీద రాసున్న ఊరి పేరు చదివి, కారెక్కి వెళ్ళిపోయాడు. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

లోవరాజు వంగి దారం ఉండ తీశాడు. మెరూన్ రంగు పట్టుదారం. లేవబోతూ కీబోర్డు వైపు చూశాడు. కొక్కేలుండే మీట సందులో అదే రంగు పోగు ఒకటి, గోరంత, ఇరుక్కుని ఉంది.

తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎలీసమ్మ గారి వేళ్ళు చూశాడు. ఆవిడ కొంగు చాటుకి తీసుకుంది.

"ఆదివారం చర్చికి ఎన్నింటికి వెళ్ళేరమ్మగారూ?"

"పదింటికి."

"మధ్యలో వచ్చేరా?"

ఆవిడ గోడకి ఆనుకుని, మెల్లగా కూర్చుంది.

"పాటలైపోగానే వచ్చేను. ప్రసంగం మొదలయ్యేక ఎవరూ వెనక్కి చూడరు."

వంటింట్లోంచి నిఖిత గరిటతో అలాగే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అమలాపురంలో ఆసుపత్రి నర్సు ఆ అమ్మాయి. ఆ వారం రాత్రి డ్యూటీలు. పదిహేడు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్ళు లోతుకి పోయాయి.

"అమ్మా, నాన్నగారు ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేడుస్తుంటేనే జనం నమ్ముతారన్నారమ్మా మీ నాన్నగారు. నన్ను తిట్టుకో."

నిఖిత తిట్టలేదు. గరిట అలాగే పట్టుకుని తల్లి ఎదురుగా కూర్చుంది.

ఎలీసమ్మ గారు చెప్పింది తక్కువే. బంగారరాజు పేరు పేజీలో పెట్టిన వారానికి, అతని మనుషులు మాస్టారిని రెండుసార్లు దారి కాశారు. రెండోసారి బోడసకుర్రు వంతెన మీద. ఆయన బండీ చెప్పులూ వదిలేసి, వస్తున్న బస్సెక్కి బయటపడ్డారు. జనం పోయారనుకుంటే అదే మంచిదనుకున్నారు. బండారులంకలో రత్నమాల అనే పాత విద్యార్థిని ఇంట్లో, మగ్గాల గది వెనక ఉన్నారు. మస్కట్ నుంచి ఆ తొమ్మిది మందిలో ఒకావిడ ఎంబసీ ఇచ్చిన కాగితం మీద వచ్చే సోమవారం వస్తోంది. ఆవిడని వెంటబెట్టుకుని కలెక్టరు గారి దగ్గరికి వెళ్ళాలి. అందాకా బతికి ఉండాలి.

"కాగితం చీర మడతలో వస్తుంది. మాస్టారు రాస్తారు. నేను కొడతాను."

"ఆ 'సేవ్' కూడా కొట్టేసేరా?"

"కాగితంలో ఉంది గదా బాబూ. మీరు మీట నొక్కడం అప్పట్లో తలుపు దగ్గర నుంచుని చూసేదాన్ని. అదీ నొక్కేను. ఉన్న మాట వదిలేస్తే తప్పేమోనని రాసేను కూడా." కాస్త ఆగింది. "మీ పద్నాలుగు మంది నోటుబుక్కులకీ సాపు ప్రతులు రాసింది నేనే. ఒక్క చుక్క వదల్లేదు. కంప్యూటరు ముందు కూర్చునే వంతు మాత్రం నాకు రాలేదు. వంతులు మీకే చాలేవి కావు."

లోవరాజు ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఆ నోటుబుక్కు ఉంది. ఎర్ర అట్ట. ముత్యాల్లాంటి చేతిరాత. ఇన్నేళ్ళూ అది మాస్టారి రాతే అనుకున్నాడు.

తల ఎత్తలేకపోయాడు. సిగ్గు ఆ ఒక్కదానికే కాదు. ఇంకోటి నెమ్మదిగా తెలిసివస్తోంది. దొంగ ప్రోగ్రాము అన్న కథ ప్రవీణ్ నమ్మి చెప్పింది కాదు. అంత చదువుకున్నవాడికి, కప్పి పెట్టిన వరస కనబడకుండా ఉంటుందా? ఆ మాటకి అర్థం ఒక్కటే అతనికి తెలియలేదు. తెలిసినవాణ్ణి రెచ్చగొట్టి చెప్పించుకున్నాడు.

"అమ్మగారూ, అతన్ని పోలీసులే పంపేరని ఎవరు చెప్పేరండీ?"

"అతనే చెప్పేడు."

"మీ ఫోను ఎప్పుడైనా అతని చేతికిచ్చేరా?"

"పోయిన గురువారం అరగంట ఉంచుకున్నాడు. చూసిస్తానని."

లోవరాజు తన ఫోను తీసి రత్నమాల నంబరు అడిగాడు. మూడుసార్లు మోగి మోగి ఆగిపోయింది.

"పగలంతా నాలుగు మగ్గాలు ఆడతాయి," అంది ఎలీసమ్మ గారు. "పిడుగు పడినా వినబడదు."

నిఖిత గరిట కింద పెట్టింది. స్కూటీ తాళం తీసింది. "అరగంటలో ఉంటాను. పొలాల గట్టు దారిన వెళ్తాను." గుమ్మం దాటబోతూ తల్లి వైపు చూసింది. స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. పన్నెండూ ఐదు.

పన్నెండూ పదకొండుకి కారు వాకిట్లో ఆగింది.

ప్రవీణ్ కుమార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇప్పుడు నవ్వు లేదు. చేత్తో చీరల మూట చూపించాడు.

"అమ్మగారూ, ఈ మూట బండారులంకలో ఎవరింటి నుంచి వస్తుందండీ?"

లోవరాజు లేచాడు. అడ్డంగా వెళ్ళి నిలబడాలనుకున్నాడు. ఎలీసమ్మ గారు అతని కంటే ముందు మాట్లాడింది.

"చెప్తాను బాబూ. పన్నెండు దాటింది. ముందు భోంచెయ్యి."

"లేదండీ, తొందరగా..."

"మీదేవూరు?"

"రాజోలండి."

"మరింకేం? రాజోలు మనిషి భోజనాల వేళకి గుమ్మంలోకొచ్చి తినకుండా వెళ్ళేడని తెలిస్తే మీ అమ్మగారు నన్నేమనుకుంటారు? కాళ్ళు కడుక్కో. అన్నం తిన్నాక ఆ ఇంటి గుర్తులు చెప్తాను. చెప్పేది నేనే గదా."

ప్రవీణ్ కారు వైపు చూశాడు. గడియారం చూశాడు. బండారులంకలో మగ్గాలున్న ఇళ్ళు వందలు. గుర్తులు లేకుండా వెళ్తే సాయంత్రం దాకా తిరగాలి. అంతకంటే, చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన మర్యాద ఒకటి ఉంటుంది. అది తెలివితేటల మాట వినదు. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

ఎలీసమ్మ గారు చాప పరిచింది. ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నం, పనసపొట్టు కూర, చేపల పులుసు, కొబ్బరి పచ్చడి. వడ్డించాక తనూ కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పొలాల కోసం, పడవల మీద ఉన్నవాళ్ళ కోసం, పరాయి దేశాల్లో ఉన్న ఆడపిల్లల కోసం, వాళ్ళ తల్లుల కోసం, ఇంటికొచ్చిన అతిథి కోసం, అతన్ని కన్నవాళ్ళ కోసం ప్రార్థించింది. ఆరు నిమిషాలు. ఆమెన్ అని కళ్ళు తెరిచింది.

ప్రవీణ్ గబగబా తినబోయాడు. పండుగప్ప ముల్లు గబగబా తిననివ్వదు. కంచం ఖాళీ కాబోతుండగానే ఎలీసమ్మ గారు మారు అన్నం వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ చెయ్యి పక్కనుంచి పులుసు పోసింది. వదిలేసి లేవడం అతనికి చేతకాలేదు. లోవరాజు ఒక్కో మెతుకూ లెక్కపెట్టినట్టు తిన్నాడు. గడియారం పన్నెండూ ముప్ఫై ఆరు చూపించింది. నిఖిత ఈపాటికి మగ్గాల గదిలోకి అడుగుపెడుతూ ఉండాలి. లేదా దారిలో ఏ గట్టు మీదో చక్రం దిగబడి ఉండాలి. తెలిసే దారి లేదు.

చాప మీద ప్రవీణ్ ఫోను వెలిగింది. మోగలేదు, వణికింది. తెర మీద పేరు లోవరాజు కూర్చున్న చోటికే కనబడింది. రాజోలు బంగారరాజు గారు.

ప్రవీణ్ లోవరాజు కళ్ళలోకి చూశాడు. తను చూసింది అతనూ చూశాడని ఇద్దరికీ తెలిసింది. ఎలీసమ్మ గారికీ తెలిసింది. ఫోను వణికి వణికి ఆగి, వెంటనే మళ్ళీ వెలిగింది. ఈసారి పేరు కాదు, ఒక సందేశం. చివరి మాటలు మాత్రం చదవడానికి అందాయి.

'ఇల్లు దొరికింది. నువ్వు రానక్కర్లేదు.'

మూట మీది ఊరి పేరు అతను వాళ్ళకి ముందే చెప్పేసి ఉండాలి. ప్రవీణ్ ఎడమ చేత్తో ఫోను బోర్లించాడు. అతని ముఖంలోనూ రక్తం లేదు. కూలికి వెతికిపెట్టడం వేరు, తర్వాత జరిగేది వేరు అన్న సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

ఎలీసమ్మ గారు మజ్జిగ గిన్నె దగ్గరికి లాగింది. ముందు అతని కంచంలో పోసింది, తర్వాత లోవరాజు కంచంలో, ఆఖర్న తన కంచంలో. ఒలకలేదు. ముగ్గురూ తల వంచుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఆ అన్నం తిన్నారు.